ఎనిమిదో రాయి గీత

ఇవాళ్టి వణుకువేళ పావుతక్కువ తొమ్మిదని గోడ మీది కంపసూచి చెప్పగానే, అంచుల శాఖ క్యాంటీన్‌లో అందరూ ప్లేట్లతో సహా నేల మీదికి దిగారు. ఇరవయ్యేళ్ళుగా ఈ ఉత్తరాది కొండ ఊరికి ఇదే అలవాటు. బళ్ళు ఆగుతాయి, లిఫ్టులు ఆగుతాయి, పెళ్ళికొడుకు తాళి పట్టుకుని అలాగే ఆగుతాడు. వేళకి పది నిమిషాల ముందు నుంచి పది నిమిషాల తర్వాత దాకా ఊరంతా నేల మీదే.

“నిలబడి తింటే ఒంటికి పట్టదని మా నాయనమ్మ చెప్పేదండి. ప్రభుత్వానికి ఇన్నాళ్ళకి తెలిసింది,” అన్నాడు పల్లంరాజు.

పక్కన కూర్చున్న నసీమా నవ్వింది. ఆమె రాళ్ళు చదివే అధికారి. నిరుడే గుంటూరు నుంచి వచ్చింది. అతను దక్షిణాది పంగిడి క్వారీల్లో రాళ్ళకి దిక్కు గుర్తుపెట్టే గీతగాడు. మూడేళ్ళుగా అతని నోట హాస్యం వస్తూనే ఉంది, ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతున్నట్టు.

నేల వణికింది. సాంబారు గిన్నె అంచు దాటలేదు.

“అంచు తెలిస్తేనే కదండీ అంచనా!” అన్నాడు పల్లంరాజు.

వేళాకోళమే అయినా మాట నిజం. లావా చల్లారేటప్పుడు రాయి ఆనాటి అయస్కాంత ఉత్తరాన్నీ, దాని వాలునీ తనలో రాసుకుంటుంది. ఆ వాలుని బట్టి, అప్పుడది భూమధ్యరేఖకి ఎంత దూరంలో ఉండేదో లెక్కకట్టవచ్చు. పంగిడి నల్లరాయి రాత ఆరున్నర కోట్ల ఏళ్ళనాటిది. భారతదేశం ఆసియాని ఢీకొనక ముందు ఎక్కడుండేదో అది చెబుతుంది. ఆనాటి ఉత్తరపు అంచు ఎందాకా ఉండేదో ఈ కొండల్లోని రాళ్ళు చెబుతాయి. రెండూ కలిపితే, ఢీకొని భూమిలోకి దిగిపోయిన అంచు రూపం తేలుతుంది. అదెక్కడ మెలికపడి ఇరుక్కుందో తెలిస్తే, ఎప్పుడు విదిలించుకుంటుందో తెలుస్తుంది.

“మీ పంగిడి రాళ్ళు ఎనిమిదీ ఇవాళ కడిగేద్దాం బాబాయ్‌గారూ. అవి లెక్కలో చేరితే పది నిమిషాలు ఎనిమిదికి దిగుతాయి. ముందు రెండు, వెనక రెండు. రోజుకి నాలుగు నిమిషాలు ఊరికి మిగిలినట్టే. ఎనిమిది రాళ్ళకి ఒక్కటి తగ్గినా యంత్రం ఒప్పుకోదు,” అంది నసీమా.

“ఆయ్, పదండి.”

నిర్దిశ గదిలోకి ఇనుము పనికిరాదు. పల్లంరాజు తాళాలు తీసి గుమ్మం దగ్గర పెట్టాడు. చొక్కాకి గుండీ ఊడినచోట పెట్టుకున్న పిన్నీసు కూడా తీశాడు. లోపలికి భూమి అయస్కాంతపు లాగుడు చేరదు. అక్కడ దిక్సూచి ముల్లు నిద్రలో ఉన్నవాడి చెయ్యిలా ఎటు పెడితే అటే ఉంటుంది.

రాళ్ళంటే బొటనవేలంత కడ్డీలు. బండలో గుంట తొలిచి, కడ్డీ ఇంకా బండని అంటి ఉండగానే దానికి ఇత్తడి గొట్టం తొడిగి, సూర్యుణ్ణి చూసి ఇత్తడి తీగతో బాణం గీత గీస్తారు. ఆ తర్వాతే విరుస్తారు. గీత లేకపోతే దిక్కులేని రాయే. యంత్రం ముట్టదు.

నసీమా తెర అతని వైపు తిప్పింది. పోయిన నెల ఆమె పంగిడి వెళ్ళి, రాతిలోని అయస్కాంతాన్ని చదివే చేతిచదువరితో బండ మీద తీసిన బొమ్మ.

“ఇది చూడండి. పిడుగు! సరిగ్గా ఎనిమిదో గుంటలోనే పడింది. రాయి గట్టి అయస్కాంతమైపోయింది, రాత ఎలా చుట్టలు చుట్టుకుందో! ఈ చెత్తంతా మొదటి కడుగుకే పోతుందిలెండి.”

పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం. రాయి పుట్టాక దాని మీద పడ్డ రాత ఏదైనా తుడిచేసి, మొదటిదే మిగులుస్తుంది కడుగుయంత్రం.

పిడుగు తుమ్మచెట్టు మీద పడి, దాని కిందికి చేరిన తన భార్యని తీసుకుపోయిందని పల్లంరాజు మూడేళ్ళుగా అందరికీ చెప్పాడు. కాగితాల్లోనూ అదే రాశారు. అతను చెట్టునే నమ్ముకున్నాడు. ఆరోజు మబ్బు కమ్మేస్తుంటే అతను క్యారేజీ కోసం కిందికి దిగాడు. అతని జంట గీతగత్తె, భార్య అచ్యుతవల్లి, పైనుంచి కేకేసింది.

“ఏవండీ! గొట్టం పీకేసి వచ్చెయ్యనా?”

“గీత గియ్యకుండా పీకకే! దిక్కులేనిదైపోద్ది!”

అన్నవాడు తన మాటకి తనే నవ్వాడు కూడా.

పోయిన వారం ఆ బండ కూడా రోడ్డుకి కంకరైపోయింది. ఆ పిడుగు రాత ఇక ఎనిమిదో కడ్డీలోనే మిగిలింది.

కడ్డీ కొసల్ని గరుకు కాగితంతో రుద్ది, గీతకి తగలకుండా అందించడం అతని పని. ఏడు అందించాడు. ఎనిమిదోదాని మీద బాణం తిన్నగా ఉంది. దాని కింద నువ్వుగింజంత చుక్క. అచ్యుత తన గీతలన్నిటికీ పెట్టే చుక్క. అంటే గీత పూర్తిచేసింది. చుక్క కూడా పెట్టింది. చెట్టు కిందికి పోలేదు.

ఏడుపు వస్తుందేమోనని ఆగాడు. రాలేదు. పన్ను పీకేముందు సూది వేసిన దవడలా ఉంది ఒళ్ళంతా. చెయ్యి మాత్రం కడ్డీని ఇటు తిప్పి, గరుకు కాగితం కింద పెట్టి రుద్దింది. ఇత్తడి రంగు పొడి వేళ్ళకి అంటింది.

“గీతేది బాబాయ్‌గారూ?”

“లేదమ్మా.”

నసీమా పట్టీలో చూసింది. ఎనిమిదో గడిలో గీసినవారి పేరు, దాని పక్కన మూడేళ్ళ కిందటి తేదీ. ఆ తర్వాత ఆ పేరు ఎక్కడా లేదు.

“అచ్యుతవల్లిగారంటే...”

“మా ఆవిడ. వానొచ్చేలా ఉందని గొట్టం పీకేసింది. గియ్యకుండానే కిందికొచ్చేసింది.”

నసీమా అతని వేళ్ళ వైపు చూసింది. కలం తీసి, ఎనిమిదో గడిలో ‘దిక్కు లేదు’ అని రాసింది.

మర్నాడు కంపసూచి మళ్ళీ పది నిమిషాలే చెప్పింది. “తగ్గిస్తామన్నారుగా, ఆ నాలుగు నిమిషాలూ ఎవడు మింగాడో!” అని క్యాంటీన్‌లో ఎవరో సణిగారు. పల్లంరాజు నేల మీద కూర్చున్నాడు, చొక్కా జేబు కాస్త బరువుగా వేలాడుతూ. పక్కనే నసీమా, ఆమె సంచి మీద దిక్సూచి.

ముల్లు ఉత్తరం చూడటంలేదు. జేబు వైపు చూస్తోంది.

అతను కొంచెం అవతలికి జరిగాడు. ముల్లూ అటే తిరిగింది. నసీమా దాని మీద చున్నీ కప్పింది.