ఉడిపి కార్డు

"స్టీలు సామానా, ఉడిపి యాత్రా? తేల్చి చెప్పు దేవకీ. బడికి పోతూ గోవిందన్నకు మాట చెప్పి పోవాల" అన్నాడు ఆమె భర్త, బడిపంతులు వాదిరాజ, వసారాలో సైకిలు తుడుచుకుంటూ.

దేవకి వంటింట్లో మడి చీరతో పొయ్యి ముందు కూర్చుని ఉంది. ముందురోజు ఎవరి చెయ్యీ తగలకుండా కర్రతో పైదండెం మీద ఆరవేసిన చీర అది. తెల్లవారి తలస్నానం చేసి అది కట్టుకుంటే, అత్తగారు అంబాబాయి పూజ ముగించి భోజనం చేసి లేచేదాకా దేవకి ఎవరినీ తాకకూడదు. పిల్లవాడు నిద్రలేచి అమ్మా అని పిలిచినా దూరం నుంచే పలకాలి.

ఆ ఏడు ఆదోనిలో కిరాణా అంగళ్ళ మధ్య పోటీ మొదలైంది. మార్కెట్లో కొత్తగా తెరిచిన అంగడివాళ్ళు ఏడాదంతా సరుకులు తమ దగ్గరే కొంటే స్టీలు గిన్నెలు ఇస్తామన్నారు. వీధి చివర అంగడి గోవిందన్న ఇంకో దారి పట్టాడు. సరుకులు కొన్నప్పుడల్లా ఒక కార్డు మీద ముద్ర వేస్తాడు. కార్డు నిండితే కార్తీకంలో ఆయన పంపే ఉడిపి బస్సులో ఒక సీటు. హంపి, శృంగేరి, ఉడిపి, ధర్మస్థలం చూపించి మళ్ళీ ఆదోనిలో దింపుతారు. వంటవాడు బస్సులోనే వస్తాడు.

"కందిపప్పు ధర రెండు చోట్లా అడిగినారా?" అంది దేవకి.

"ఒకటే."

"నూనె?"

"మార్కెట్లో కొంచెం ఎక్కువ చెప్పినారు."

"అయితే ఆ గిన్నెలు మన నూనెలోంచే వస్తాయి. గోవిందన్న దగ్గరే తీసుకుందాం. పప్పులో రాళ్ళుండవు, ధరా పెంచలేదు. బస్సు మాట నిజమైతే మంచిదే."

"సీటు ఒకటే గదా. ఎవరు పోతారు మరి?"

పూజ గదిలో గంట చప్పుడు ఆగింది. దేవకి గొంతు తగ్గించింది. "అత్తయ్య పోతారేమో అడగండి."

"అమ్మకు బస్సులో యాడ కుదురుతుంది? ఎవరో వండింది ముట్టదు గదా. నువ్వే పో."

దేవకి పప్పు దింపి పోపు పెట్టింది. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు అప్పటికే కిటికీ పక్కన సీట్లో కూర్చుంది. ఉడిపి కృష్ణుడి మీద ఆమెకు భక్తి లేకపోలేదు. కానీ ఆమెను లాగింది కృష్ణుడు కాదు. అన్ని రోజులపాటు తెల్లవారి చన్నీళ్ళ స్నానం ఉండదు, మడి చీర ఉండదు. ఎవరో వండి, ఎవరో వడ్డిస్తే, తాను కూర్చుని తింటుంది. డిగ్రీ చదువుకుని ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఒక్క పూట కూడా ఆమె అట్లా తినలేదు. పండగకు పుట్టింటికి పోయినా వంటింట్లో సాయానికి నిలబడాల్సిందే. ఈ మాట ఎవరితోనైనా చెప్తే నవ్వుతారని ఆమెకు తెలుసు. తిండి కోసం తీర్థయాత్రా అంటారు.

ఆ రోజు నుంచి సబ్బుబిళ్ళ కూడా గోవిందన్న దగ్గరే. చింతపండు ఊళ్ళో ఇంకోచోట చవకగా దొరుకుతుందని పక్కింటి వాళ్ళు చెప్పినా దేవకి కదలలేదు. వాదిరాజ ఎప్పుడైనా దారిలో కొబ్బరికాయ కొనుక్కొస్తే, "గోవిందన్న అంగడి మూసేసినారా ఏమి?" అని అడిగేది.

"నీకిప్పుడు మొగుడికన్నా గోవిందన్నే ఎక్కువైనాడు" అని అతను నవ్వేవాడు.

శ్రావణం వచ్చేసరికి ఇంట్లో ఇంకొకటి మొదలైంది. అంబాబాయి అన్నం మానేయసాగింది.

మొదట ఒక రోజు. తర్వాత వారంలో రెండు మూడు రోజులు. విస్తరిలో వడ్డిస్తే, "ఈ పొద్దు వద్దులే" అనేది. తానే వేయించుకుని విసురుకున్న పేలపిండి కొంచెం పాలలో కలుపుకుని, ఒక అరటిపండు తిని లేచేది. భాద్రపదానికి వరసగా రోజులు గడిచేవి, మెతుకు ముట్టకుండా.

దేవకికి కారణం తెలుసు. తెలుసుననే అనుకుంది. ఆషాఢంలో ఒకనాడు మడిలో ఉండగా పిల్లవాడు పరుగున వచ్చి ఆమె కొంగు పట్టుకున్నాడు. కొళాయి రాని రోజు. బావిలో నీళ్ళు అడుగంటాయి. మళ్ళీ స్నానం చెయ్యకుండానే ఆమె వంట ముగించింది. తల తిప్పి చూస్తే అంబాబాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే దేవకి గుండెల్లో ఉండిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా, తాను మడితో వండిన అన్నాన్ని రోజూ విస్తరిలోనే వదిలేస్తోంది ఈమె. ఇంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

"అడగరాదా?" అన్నాడు వాదిరాజ.

"మీరే అడగండి. మీ అమ్మ."

అతను అడిగాడు. "అరగడం లేదప్పా" అంది తల్లి.

కార్డు నిండింది. గోవిందన్న చూసి, "సీటు నీదేనమ్మా. వచ్చే బేస్తవారం తెల్లవారి బస్సు" అన్నాడు. దేవకి లేనప్పుడు మడి వంటకు మనిషి కావాలి గనుక వాదిరాజ అక్క తులసీబాయి ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. గురువారానికి నాలుగు రోజులు ముందే వచ్చింది, వంటింటి పద్ధతి చూసుకోవడానికి.

వసారాలో సంచి దింపి తల్లిని చూడగానే ఆమె మొహం మారిపోయింది.

"ఏందమ్మా ఇట్ల అయిపోయినావు? రవికె భుజాల మీంచి జారిపోతాండాది!"

"వయసు కాలేదా నాకు?" అంది అంబాబాయి.

"ఉగాదికి చూసినా గదా నిన్ను. ఇంతలోనే వయసైపోయిందా?" తులసీబాయి వంటింటి వైపు తిరిగింది. "దేవకీ! మా అమ్మకు ఇంత అన్నం పెట్టేదానికి నీకు చేతులు రాలేదా?"

దేవకి గరిటె పక్కన పెట్టింది. "పెడితే తినాల గదా వదినా."

"తినేటట్టు వండితే తింటాది."

"అక్కా, ముందు కాళ్ళు కడుక్కో" అన్నాడు వాదిరాజ.

"నువ్వు ఊరుకోప్పా. నీకేం తెలుస్తుంది, బడికి పోయి వస్తావు. ఈడ ముసలామె పస్తులుంటే, కోడలు బస్సెక్కి కృష్ణుణ్ణి చూసేదానికి పోతాండాది. చూస్తాడులే కృష్ణుడు కూడా! అమ్మా, బట్టలు సర్దుకో. ఎమ్మిగనూరు పోదాం పా. నా ఇంట్లో రెండు మెతుకులు తిందువు."

"నేను రాను" అంది అంబాబాయి గబుక్కున. "బేస్తవారం దాకా యాడికీ రాను."

"బేస్తవారం ఏముండాది నీకు?"

అంబాబాయి మొహం పక్కకు తిప్పుకుంది. దేవకి గడప దాటి వచ్చింది. మడిలో ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయి గోడకు చెయ్యి ఆనించింది.

"అత్తయ్యా, ఈ పొద్దు వదిన ముందరే చెప్పండి. ఆ రోజు పిల్లవాడు తాకితే నేను మళ్ళీ స్నానం చెయ్యలేదు. మీరు చూసినారు. అప్పటి నుంచే నా చేతి అన్నం మానేసినారు. తప్పు చేసినాను, ఒప్పుకుంటాను. నోటితో నాలుగు మాటలని ఉంటే పడి ఉందును గదా! రోజూ ఆ విస్తరి అట్లనే ఎత్తి పారేస్తుంటే నాకెట్ల ఉంటుందో ఒక్కసారైనా తలచినారా?"

అంబాబాయి కోడలి వైపు వింతగా చూసింది.

"అదా? చూసినాలే. కొళాయి రాలేదు గదా ఆ పొద్దు. నీళ్ళు లేకపోతే ఏం చేస్తావు? నేనైనా అంతే చేసేదాన్ని. చేసినాను కూడా, వీడు చిన్నప్పుడు." కొడుకు వైపు గడ్డం చూపించింది.

"మరి అన్నం ఎందుకు మానేసినావు?" అంది తులసీబాయి.

అంబాబాయి కొంగు చివర వేలికి చుట్టుకుంది. చిన్నపిల్ల తప్పు చేసి దొరికినట్టు ఉంది ఆమె వాలకం.

"బస్సులో పేలపిండితో, పాలతో అన్ని రోజులుండగలనా లేదా అని చూసుకుంటాండా" అంది మెల్లగా. "మొదట్లో కళ్ళు తిరిగేటివి. ఇప్పుడు బాగానే ఉండాది."

పొయ్యి మీద చారు పొంగి నిప్పుల మీద పడి చుయ్యిమంది.

"సీటు దేవకిది గదమ్మా" అన్నాడు వాదిరాజ.

"తెలుసప్పా. ఆ పిల్లదే. కాదన్నానా? కానీ ఇల్లు గదా. ఆ పొద్దుకు పిల్లవాడికి జొరమో, ఇంకేమో వచ్చి ఆమె పోలేకపోతే? అమ్మకు కుదరదు గదా అని సీటు ఎవరికో ఇచ్చేస్తావు. అప్పుడు నేను వస్తానంటే, ఏం తింటావు అంటావు. అందుకని, తయారుగా ఉంటే మంచిది గదా అని..."

"అడగచ్చు గదా!"

"ఏమని అడగాల? కుదరదని నువ్వే చెప్పినావు, పూజలో ఉండి విన్నా."

తులసీబాయి సంచి మీదే కూర్చుండిపోయింది. దేవకి పెరట్లోకి పోయి బావి గట్టు దగ్గర నిలబడింది. మొదట వచ్చింది కోపమే. నిండిన కార్డు తనది. చింతపండు కూడా ఇంకోచోట కొనకుండా నింపిన కార్డు. ఈ మాట ఇంకో నాలుగు రోజులు దాచుకుని ఉంటే ఏం పోయేది ఆమెకు? ఆ తర్వాత, వరసగా మెతుకు లేకుండా గడిపిన ఆ రోజులన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. ఒకవేళ తాను పోలేకపోతే అన్న ఒక చిన్న సందు కోసం ఆ ముసలి ఒళ్ళు పడిన కష్టం. తాను ఆ రోజున 'అత్తయ్యను అడగండి' అని భర్తతో అంది గానీ, గంట ఆగిందని గొంతు తగ్గించింది. అడగాలని నిజంగా ఉంటే గొంతు ఎందుకు తగ్గుతుంది?

లోపలికి వచ్చి, "గోవిందన్న దగ్గర అత్తయ్య పేరు రాయించి రాండి" అంది వాదిరాజతో. "ఇంకో సీటుంటే డబ్బిచ్చి నాకూ తీసుకుందాం. లేకపోతే లేదు."

ఇంకో సీటు లేదు. బస్సు నిండిపోయిందని గోవిందన్న చెప్పి పంపాడు.

బుధవారం దేవకి గోధుమపిండిని నీళ్ళు తగలకుండా పాలతో కలిపి, బిళ్ళలు చేసి నేతిలో వేయించింది. అట్లా చేసినవి ప్రయాణంలో తినవచ్చని అంబాబాయే చెప్పింది. ఉడిపిలో మఠం భోజనం ఎటూ ఉంది, అది మడి వంటే.

"పేలపిండి ఒక్కటే తింటే పంపేది లేదు" అంది దేవకి. "అత్తయ్యా, ఒక మాట. అంత పట్టుదలెందుకు ఉడిపి అంటే?"

అంబాబాయి పీట మీద కూర్చుని చూస్తోంది. "మా పుట్టినూరు హొళగుందలో మా నాయన ఉడిపి పోయి వచ్చి సముద్రం గురించి చెప్పేవాడు. అవతలి గట్టు కనపడదంట. నమ్మేదాన్ని కాదు. చూడాలని ఉండాదని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కృష్ణుడంటే అందరూ ఒప్పుకుంటారు, సముద్రమంటే నవ్వరా?" కోడలి వైపు తిరిగి, "నువ్వెందుకు పోవాలనుకున్నావు?" అంది.

దేవకి నేతి బాణలిలోంచి తల ఎత్తకుండానే చెప్పింది. "ఎవరైనా వండి వడ్డిస్తే కూర్చుని తినాలని."

అంబాబాయి నవ్వలేదు.

బేస్తవారం తెల్లవారి బస్సు కదిలింది. కిటికీలోంచి అంబాబాయి కూతుర్ని దగ్గరకు పిలిచి ఏదో చెప్పింది. తులసీబాయి తల ఊపింది.

ఇంటికి రాగానే దేవకి అలవాటుగా వంటింటి వైపు నడిచింది. తులసీబాయి అడ్డం నిలబడింది.

"నువ్వు ఈ ఇంట్లో పొయ్యి ముట్టుకుంటే నేను ఎమ్మిగనూరు పోవాల్సిందేనంట. అమ్మ ఆర్డరు. బస్సు తిరిగి వచ్చేదాకా నువ్వు కూర్చో."

"అయ్యో, మీరెందుకు వదినా..."

"కూర్చోమంటే కూర్చో. ఆ పొద్దు నేనన్న మాటలు నాకు మాత్రం గుర్తుండవా?"

పది గంటలకు తులసీబాయి కంచం పెట్టింది. వేడన్నం, పప్పు, నెయ్యి, వంకాయ కూర. దేవకి కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు కొంచెం తక్కువైంది. ఇంకో ముద్ద తింది. కంచం మసకగా కనపడింది.

"ఏం, కారమెక్కువైందా?" అంది తులసీబాయి గరిటె పట్టుకుని.

"లేదు వదినా. బాగుండాది." ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుని, కంచం కొంచెం ముందుకు జరిపింది. "ఇంకొంచెం వడ్డించండి."