పదిహేడో నంబరు ఇంటి తడి హానా

టెంటర్ స్ట్రీట్‌లో పదిహేడో నంబరు ఇల్లు మంచిది కాదు. ఆ మిల్లు ఊళ్ళో వేయించిన చేపల కొట్టు ముందు క్యూలో నిలబడ్డ ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. కాలువ గట్టున, వరుసలో ఆఖరి ఇల్లు. అందులో చేరినవాళ్ళు ఒక చలికాలం ఉంటారు. రెండో చలికాలానికి సామాను సర్దుకుంటారు.

వెనక పడగ్గది గోడ మీద ఒక ఆడమనిషి కనబడుతుందట. ముందు భుజం వస్తుంది... తర్వాత జుట్టు... క్రిస్మస్ నాటికి నల్లగా, తల వంచుకుని, మనిషి మొత్తం వచ్చేస్తుంది. పూర్వం మిల్లులో మగ్గం నడిపే హానా అనే ఆవిడ కాలువలో పడి చచ్చిపోయిందనీ, ఒళ్ళు ఆరక ఆ గదిలోకి వస్తుందనీ చెప్పుకుంటారు. అందుకే తడి హానా అని పేరు.

ఇంటిగలాయన క్లిఫర్డ్ ఆష్‌వర్త్‌కి మాత్రం ఈ హానా అంటే లోలోపల అభిమానం. దెయ్యానికి మరమ్మతు అక్కర్లేదు కదా. చెమ్మ అని ఒప్పుకుంటే కప్పెక్కాలి, గోడ గీకాలి, మేస్త్రీని పిలవాలి. దెయ్యమైతే "పాత ఇల్లు కదమ్మా" అని ఒక నిట్టూర్పు విడిస్తే సరిపోతుంది.

దెయ్యాన్ని నమ్మని మొండివాళ్ళ కోసం ఆయన ఒక కాగితం అచ్చు వేయించి వంటింట్లో అంటించాడు. గోడలు తడిస్తే తప్పు అద్దెకున్నవాళ్ళదేనని దాని సారాంశం. బట్టలు ఇంట్లో ఆరేయరాదు. బయట వాన ఎప్పుడు తగ్గుతుందో మాత్రం అందులో రాయలేదు. బంగాళాదుంపలు మూత పెట్టకుండా ఉడికించరాదు. జనవరిలోనూ కిటికీ తెరిచి ఉంచవలెను. ఆఖరున, మనిషి వదిలే ఊపిరిలో నీరు ఉండును, గమనించగలరు. అంటే గాలి పీల్చుకోండి గానీ, కాస్త చూసి పీల్చుకోండి అన్నమాట.

ఈసారి ఆ ఇంట్లో చేరింది కార్లీ. ఆసుపత్రి వంటింట్లో పని చేస్తుంది. నాలుగేళ్ళ కూతురు ఎస్మీ. వెనక గది పిల్లకిచ్చింది. అక్టోబరులో గోడ మీద భుజం వచ్చింది, పిల్లకు దగ్గు వచ్చింది. కార్లీ పదకొండు ఉత్తరాలు రాసింది. ఆష్‌వర్త్ పదకొండింటికీ జవాబుగా ఆ కాగితమే పంపాడు. ఒళ్ళు మండి కార్లీ దాన్ని దండకంలా పైకి చదివేది. ఎస్మీ పక్కన కూర్చుని వినేది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి పిల్ల పెదాలు నీలంగా మారాయి. అంబులెన్సు వచ్చింది. మూడు రోజుల తర్వాత ఇంటికి పంపిస్తూ, పిల్లని మళ్ళీ ఆ గదిలో పడుకోబెడితే నా పూచీ లేదని డాక్టరమ్మ చెప్పింది. తల్లీ కూతురూ పక్కింటి విన్నీ ముసలమ్మ సోఫాలో తలదాచుకున్నారు. కార్లీ ఫిర్యాదు చేస్తే, గురువారం పొద్దున తొమ్మిదికి గోడ చూడ్డానికి మనిషిని పంపుతామని ఊరి కౌన్సిల్ నుంచి కబురొచ్చింది.

అప్పుడు కదిలాడు ఆష్‌వర్త్. మరమ్మతుకనుకునేరు, కాదు. బుధవారం సాయంత్రం రంగు డబ్బాతో దిగాడు. అద్దెకున్నవాళ్ళు మారినప్పుడల్లా ఆయన చేసే వైద్యం అదే. గోడకు ఏనాడో అంటించిన గరుకు కాగితం మీదే మళ్ళీ వెన్నరంగు పూస్తాడు. ఇది ఎనిమిదో పొరో తొమ్మిదో పొరో ఆయనకే గుర్తు లేదు. డబ్బా అడుగంటితే కాసిని నీళ్ళు కూడా కలిపాడు.

కార్లీ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆష్‌వర్త్ గారూ, ఈ రాత్రి ఎస్మీ మంచం మీద పడుకోండి. పొద్దున లేచి ఆ గదిలో ఏమీ లేదని నా మొహం చూసి చెప్పండి. ఫిర్యాదు వెనక్కి తీసుకుని పిల్లతో సహా తిరిగొచ్చేస్తాను."

వేరే ఇల్లు దొరికే దారి ఆమెకు లేదు. విన్నీ సోఫా ఎన్నాళ్ళని? ఇక ఆమె నమ్ముకున్నది ఆ గోడనే.

"అంతేనా అమ్మాయ్?" అన్నాడాయన. రంగు ఆరాలంటే హీటరు పెట్టుకుని రాత్రంతా కాపలా ఉండక తప్పదు. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది.

పదింటికి వాన పట్టుకుంది. ఆష్‌వర్త్ గ్యాసు హీటరు వెలిగించి, ఫ్లాస్కులో టీ తాగి, పిల్ల మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. తన కాగితాన్ని గౌరవించి కిటికీ తెరిచాడు. పదింపావుకల్లా మూసేశాడు. మనిషన్నాక చలేస్తుంది కదా మరి.

పదకొండైంది... టప్... టప్...

కిటికీ అద్దం మీద నీళ్ళు ధారలు కట్టాయి. రంగు వాసన కింద నుంచి తడిసిన గోనెసంచి వాసన లేచింది. గోడ లోపల ఏదో మెల్లగా కిందికి పాకుతోంది. పైనుంచి మొదలై... తలవైపు దాకా వచ్చి... ఆగింది.

దుప్పటి ముట్టుకుంటే పిండుకోవచ్చుననిపించింది. ఎక్కడో ఎవరో దగ్గారు. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు — దగ్గింది తనే. ఊపిరిలో నీరు ఉండును అని తన రాతే గుర్తొచ్చి, కాసేపు గాలి బిగబట్టి చూశాడు. ఎంతసేపని బిగబడతాడు?

ఒంటిగంట దాటాక, హీటరు ఎర్రటి వెలుగులో భుజం కనబడింది.

సాయంత్రం తన చేత్తో పూసిన రంగులోంచే వస్తోంది. తర్వాత జుట్టు... వంచిన తల... ఆష్‌వర్త్ గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. గాలి లోపలికి రావడం లేదు.

అప్పుడు గోడలోంచి చర్రుమని చప్పుడైంది. చల్లటి తడి చెయ్యి ఒకటి ఆయన మొహం మీద పడి, ముక్కూ నోరూ మూసేసింది.

"హానా... వద్దు..."

డెబ్భై ఏళ్ళకు చేరువైన మనిషి మేజోళ్ళతో, ఆ వానలో, విన్నీ తలుపు మీద పిడికిళ్ళతో బాదాడు.

విన్నీ దీపం వేసి, ఆయన్ని కిందా మీదా చూసింది. ఆయన భుజానికి అతుక్కుని వేలాడుతున్నదాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగింది. మూరెడు గోడకాగితం. ఒకవైపు వెన్నరంగు, రెండోవైపు నల్లటి నూగు.

"హానా అంటే ఇదేనా?" అంది. "నేను ఈ వీధిలోనే పుట్టాను క్లిఫ్. హానా అని ఎవరూ ఏ కాలువలోనూ పడలేదు. ఎనభై తొమ్మిదిలో ఆ ఇంట్లో అద్దెకున్న కెర్షా వాళ్ళు నీకు గోడ చూపిస్తే, అప్పటికప్పుడు ఆ కథ అల్లింది నువ్వే. అప్పుడు నేను ఆ ఇంటి మెట్ల మీదే ఉన్నాను."

ఆష్‌వర్త్‌కి నిజంగానే గుర్తు లేదు. చెప్పగా చెప్పగా ఆయనే నమ్మేశాడు.

పొద్దున తొమ్మిదికి కౌన్సిల్ మనిషి వచ్చి ఆ గోడను చూశాడు. కార్లీ ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. నిచ్చెన వచ్చింది. చూరు కింద వాననీటి గొట్టంలో పొద ఒకటి మొలిచి, నీళ్ళను గోడలోకి మళ్ళిస్తోంది. అది వేసవిలో ఊదాపూలు పూయడం వీధి అంతా చూసిందే. దాన్ని పీకడానికి పట్టింది నలభై నిమిషాలు. గోడ ఆరడానికి వేసవి దాకా పట్టింది, అప్పటిదాకా తల్లీకూతుళ్ళను పొడి ఇంట్లో ఉంచే బాధ్యత ఆష్‌వర్త్ మీదే పడింది. అదంతా తర్వాతి సంగతి.

ఆ రాత్రి మాత్రం కార్లీ విన్నీ గుమ్మం దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది.

"గదిలో ఏమీ లేదా ఆష్‌వర్త్ గారూ?"

చెబుదామని నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. ఆగలేదు. గోడ పట్టుకుని వంగిపోయాడు.

సోఫాలో ఎస్మీకి మెలకువ వచ్చింది. ఎలుగుబంటి బొమ్మ అంటించిన మందు పీల్చుకునే తన గొట్టం పట్టుకుని దగ్గరికొచ్చి, ఆయన్ని కాసేపు చూసింది. ఆ దగ్గు ఆ పిల్లకు బాగా తెలిసినదే.

"అది దెయ్యం కాదు, బూజు," అంది మెల్లగా. "మీరు గట్టిగా పీల్చండి. ఆ గదిలో నేను కొంచెం కొంచెమే పీల్చేదాన్ని, మీ కాగితంలో అలాగే ఉందిగా. ఇక్కడ ఎంతైనా పీల్చుకోవచ్చు. విన్నీ ఏమీ అనదు."