పిల్లల గదిలో మూడో పేరు

అమ్మాయ్, నిన్న ఫోన్‌లో అడిగావు కదా, షికారు ఓడలో పిల్లల గదికి పెద్దవాళ్ళ పేరు ఒకటి ఊరికే పెట్టేసి, తీరా ఎక్కే రోజున వాళ్ళు రాలేదని చెప్పేస్తే సరిపోదా అని. సరిపోతుంది. అందరూ చేసేదే. నేనూ ఎంతమందికి చేశానో లెక్కలేదు. అయినా నువ్వు చెయ్యకు. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగవుతుంది, చేతిలో పని పక్కన పెట్టి విను.

చిన్నపిల్లలున్న కుటుంబానికి ఓడలో గదులు చూడాలంటే తలప్రాణం తోకకొస్తుందని నీకు నేను చెప్పక్కర్లేదు. చంటిపిల్లకి కూడా ఒక మంచం లెక్క. నలుగురూ ఒకే గదిలో అంటే గోడలోంచి కిందికి వాలే పై మంచం ఉండాలి, అవేమో ముందే అయిపోతాయి. బాల్కనీ గది ఇస్తే పిల్లాడు ఎక్కడ కడ్డీలెక్కుతాడో అని తల్లికి నిద్ర ఉండదు. అందుకని తల్లిదండ్రులకి బాల్కనీ గది ఒకటి, నడవాకి ఎదురుగా కిటికీ లేని లోపలి గది ఒకటి పిల్లలకి. ఇదీ మనవాళ్ళందరి చిట్కా. చిక్కల్లా ఒకటే. ప్రతి గదిలోనూ ఒక పెద్ద మనిషి పేరుండాలి. లేకపోతే కంప్యూటరు ఒక్క అడుగు ముందుకి వెయ్యనివ్వదు.

మా తమ్ముడికి నేనే చేశాను. వాడు, మరదలు, ఆరేళ్ళ చిట్టి, మూడేళ్ళ బుడ్డోడు. పిల్లల గదిలో పెద్ద మనిషి ఎవరయ్యా అంటే మా అమ్మ. అమ్మని మన ట్రావెల్స్ ఆఫీసుకి తీసుకొచ్చి, నా కుర్చీలో కూర్చోబెట్టి, తెర మీద ఓడ పటం చూపించాను. తన గది ఏదో వేలు పెట్టి చూపించమంది. చూపించాను.

"దీనికి కిటికీ ఏదే?"

"లోపలి గదమ్మా. పడుకోవడానికేగా."

"మరి వాళ్ళకో?"

"బాల్కనీ."

కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "అయితే నన్ను షికారుకి తీసుకెళ్తున్నారా, ఆయాగా తీసుకెళ్తున్నారా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నిజం చెప్పినప్పుడు మనిషి నవ్వితే మనకి సుఖం కదా, జవాబు చెప్పక్కర్లేదు.

ఇంక ఇరవై రోజుల్లో ప్రయాణం అనగా అమ్మ పోయింది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది.

వారం తిరక్కుండానే తమ్ముడు ఫోను. "అక్కా, మరి ఆ గది సంగతి?" అన్నాడు. వాణ్ణి ఒక్కణ్ణీ అనడం దేనికిలే, నేనూ అప్పటికే కంప్యూటరు తెరిచి అదే చూస్తున్నా. అమ్మ పోయిందని ఓడ కంపెనీకి చెప్తే పేరు తీసేస్తారు. పేరు తీస్తే పిల్లల గదిలో పెద్ద మనిషి లేనట్టు. ఆ గది పోతుంది. ప్రయాణమే పోతుంది.

ఇంకో దారి కూడా ఉంది. ఏజెంట్లకి ఇచ్చే ఉచిత గది ఒకటి నాకు వచ్చింది, అదే ఓడలో. చిన్న గదే, కానీ కిటికీ ఉంది, నాకొక్కదానికే. ఆ గది వదులుకుని అమ్మ పేరు స్థానంలో నా పేరు పెట్టుకుంటే అయిపోయేది. పది నిమిషాల పని.

"నువ్వే పిల్లల దగ్గర పడుకోవచ్చు కదక్కా," అన్నాడు తమ్ముడు.

"అమ్మని ఆయాని చేశారు, ఆవిడ పోయేసరికి ఇప్పుడు నన్నా?" అన్నాను.

అంతే. నేను పేరు మార్చలేదు. రాత్రిళ్ళు మరదలు పిల్లల దగ్గర పడుకునేట్టు, మధ్యాహ్నాలు నేను కాసేపు కాపలా ఉండేట్టు ఒప్పందం. కాగితం మీద మాత్రం అమ్మే.

ఓడ ఎక్కే రోజు పెద్ద హాలు, బోలెడు కౌంటర్లు, ఏడ్చే పిల్లలు, చక్రాల పెట్టెలు. కౌంటర్లో అమ్మాయి రెండు కవర్లు ఇచ్చింది. పిల్లల గది కవర్లో మూడు కార్డులు. తలుపు తియ్యడానికీ, ఎక్కడానికీ దిగడానికీ అన్నిటికీ ఆ కార్డే.

"పెద్దావిడ ఏరండీ?" అంది.

ఇక్కడ విను. రావట్లేదని నేను చెప్పాల్సింది ఇక్కడే. కానీ ఓడ ఇంకా కదల్లేదు. ఇప్పుడు చెప్తే పిల్లల్ని ఆ గదిలో ఉంచనివ్వరేమో, మళ్ళీ నా గది మీదకి వస్తుందేమో అని...

"వెనకాల వస్తోంది," అన్నాను.

"సరే, వచ్చాక కార్డు ఇచ్చెయ్యండి," అంది ఆ అమ్మాయి. మూడో కార్డు నా పర్సులో వేసుకున్నాను.

ఓడ కదిలే ముందు ఏదైనా ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో చూపించి, ఎవరెవరు వచ్చారో లెక్క చూస్తారు. మా వరస దగ్గరికి వచ్చిన ఆఫీసరు చేతిలో పలకలాంటి మిషను చూసుకుని, "ఈ రెండు గదులవాళ్ళూ ఐదుగురూ వచ్చేశారు," అని టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయాడు. తమ్ముడు నా వంక చూసి కన్ను గీటాడు. మంచిదేగా, ఎవరూ అడగలేదు అనుకున్నాం.

మర్నాడు పొద్దున గదులు సర్దే ఆయన నడవాలో ఎదురయ్యాడు. మన వయసే ఉంటుంది, చేతినిండా తువ్వాళ్ళు. "పిల్లల గదిలో పెద్దావిడ చాలా మంచివారండీ. కింది మంచం నన్ను ముట్టుకోనివ్వరు, ఆవిడే సర్దేసుకుంటున్నారు," అన్నాడు. మరదలికి ముప్పై నాలుగు. ఈయన కళ్ళకి అది పెద్దావిడలా కనబడిందా అని ముసిముసిగా నవ్వుకుంటూ పోయాను. వెళ్ళి మరదలికి చెప్పి ఏడిపించాను కూడా. అది నవ్వలేదు. "నేనెక్కడ సర్దాను వదినా?" అంది.

ఆ మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తిని పడుకున్నారు. చిట్టి పై మంచం మీద, బుడ్డోడు కింది మంచం మీద. తమ్ముడూ మరదలూ పైన ఈతకొలను దగ్గర. నేను కుర్చీలో. ఆ లోపలి గది సంగతి నీకు తెలుసుగా. లైటు ఆర్పితే మధ్యాహ్నం మూడింటికైనా కన్ను పొడుచుకున్నా కనపడదు. కింద ఎక్కడో ఇంజను గురగుర. గోడలు సన్నగా మూలుగుతాయి. గాలి కూడా గొట్టంలోంచి రావాల్సిందే. కునుకు పట్టేట్టుందని, టీ తెచ్చుకుందామని బయటికొచ్చాను. పది నిమిషాలు. అంతకన్నా లేదు.

తిరిగొచ్చి చిట్టి కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. ఎర్ర దీపం. మళ్ళీ పెట్టాను. ఎర్ర దీపం.

"చిట్టీ," అన్నాను మెల్లగా.

తలుపుకి ఆనుకునే ఉన్నట్టుంది, వెంటనే గుసగుసగా జవాబు. "అరవకత్తా. వాడిప్పుడే నిద్రపోయాడు."

"తలుపు తియ్యి తల్లీ."

"వద్దంటోంది."

"ఎవరు?"

తలుపు కింద సందులోంచి వాసన వచ్చింది. నీలగిరి తైలం. అమ్మ మోకాళ్ళకి రాసుకునేది. టీ వేళ్ళ మీద ఒలికింది. కాలిందని కూడా తెలియలేదు.

మూడోసారి పెడితే పచ్చ దీపం వెలిగింది.

లోపల చీకటి. లైటు మీట నొక్కాను. వెలగలేదు. నా వెనక తలుపు దానంతటదే మూసుకుంది. చేత్తో గోడ తడుముకుంటూ వెళ్ళాను. నిచ్చెన తగిలింది. అంటే దాని పక్కనే కింది మంచం. వంగి దుప్పటి కింద చెయ్యి పెట్టాను.

చిన్న పాదం. వెచ్చగా ఉంది.

ఇంకో చిన్న పాదం. వెచ్చగానే ఉంది.

అమ్మయ్య అనుకున్నా... చెయ్యి ఇంకాస్త జరిగింది.

మూడో పాదం. పెద్దది. మడమ నిండా పగుళ్ళు. రాయిలా చల్లగా.

చెయ్యి వెనక్కి తీసుకుందామంటే రావడం లేదు.

"అమ్మా?"

దుప్పటి కదిలింది. బుడ్డోడి ఊపిరి వినిపిస్తోంది. దాని పక్కన ఇంకో ఊపిరి లేదు. కానీ గొంతు వచ్చింది. నింపాదిగా, పిల్లాడు లేవకుండా మాట్లాడే గొంతు.

"వెనకాల వస్తోందని నువ్వేగా చెప్పావు."

"అమ్మా... వాణ్ణి ఇచ్చెయ్యమ్మా."

"చూసుకోమన్నారుగా. చూసుకుంటున్నా."

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను..."

"వాడెందుకే మీకు? బాల్కనీ ఉందిగా."

ఇంక ఆగలేదు. రెండు చేతులూ దుప్పటి కిందకి తోసి, దొరికిన పిల్లాణ్ణి దొరికినట్టు లాగి గుండెకి అదుముకున్నాను. "చిట్టీ, పద!" అని అరిచి, తలుపు మీద పడి తీసుకుని నడవాలోకి పడ్డాను. చిట్టి నా వెనకే వచ్చింది. తలుపు మూసుకుంది.

నడవాలో తెల్లటి లైట్లు. ఎవరో నవ్వుకుంటూ తువ్వాళ్ళు భుజాన వేసుకుని పోతున్నారు. నా చేతుల్లో బుడ్డోడు. కళ్ళు తెరిచే ఉన్నాడు. ఏడవడం లేదు. పాదాలు పట్టుకు చూస్తే చల్లగా ఉన్నాయి.

చిట్టి వాడి మొహంలోకి చాలాసేపు చూసింది. రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుంది. నా చీర పట్టుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు.

"అత్తా," అంది, "బుడ్డోణ్ణి లోపలే వదిలేసి వచ్చావేంటి?"

గదులు సర్దే ఆయన్ని పిలిచి తలుపు తీయించాను. లైటు మామూలుగా వెలిగింది. ఎవరూ లేరు. కింది మంచం ముడత లేకుండా సర్ది ఉంది. దిండు మీద మూడో కార్డు. నా పర్సులో ఉండాల్సింది.

తమ్ముడికి చెప్తే చెంప మీద కొట్టినంత పని చేశాడు. "పిల్లల్ని వదిలేసి టీకి పోయావు. అది కప్పిపుచ్చుకోవడానికి అమ్మని దెయ్యాన్ని చేస్తావా?" అన్నాడు. టీకి పోయిన మాట నిజమే. మరదలు మాత్రం పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, వాడి తల వాసన చూసింది. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. తర్వాత నా దగ్గరికొచ్చి చెవిలో అంది. "వీడి తలకి వాసన లేదు వదినా."

మిగిలిన రెండు రోజులూ వాడు ఎంత బుద్ధిమంతుడో. పెట్టింది తిన్నాడు, కూర్చోమన్నచోట కూర్చున్నాడు. కడ్డీలెక్కలేదు. పేచీ లేదు. తమ్ముడికి భలే సంతోషం, వీడికి ఇప్పటికి బుద్ధొచ్చిందని.

దిగే రోజు వరసలో నిలబడి కార్డులు గీస్తున్నాం. తమ్ముడిది గంట మోగింది. మరదలిది, చిట్టిది, నాది మోగాయి. బుడ్డోడిది మోగలేదు. ఆఫీసరు రెండుసార్లు గీసి, తెర చూసి, "బాబు ఇంకా లోపలే ఉన్నట్టు చూపిస్తోందండీ. బాబూ, పెద్దావిడా ఇద్దరూ గదిలోనే ఉన్నారు," అన్నాడు. బుడ్డోడు మరదలి చెయ్యి పట్టుకుని ఆఫీసరు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆఫీసరు కిందికి చూశాడు, తెర మీద ఫోటో చూశాడు, నవ్వాడు. "మిషను తప్పులెండి," అని పంపించేశాడు. మరదలు కదల్లేదు. వెనక్కి, ఓడలోకి పోబోయింది. తమ్ముడు రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. నేను చూస్తూ నిలబడ్డాను. నా చేతిలో నా పెట్టె ఉంది.

మూడేళ్ళయింది. తమ్ముడు నాతో మాట్లాడడు. చిట్టికి తొమ్మిదేళ్ళు, ఆ పిల్లాడున్న గదిలో పడుకోదు. మరదలు మాత్రం మొగుడికి తెలియకుండా నెలకోసారి మన ఆఫీసుకొస్తుంది. వచ్చి ఒకటే మాట. "వదినా, మళ్ళీ ఆ గదే బుక్ చెయ్యి. నేనొక్కదాన్నే వెళ్తాను." చెయ్యడం నాకు మాత్రం ఇష్టం లేదా? ప్రతిసారీ దాని ఎదురుగానే కంప్యూటరు తెరుస్తాను. ఆ ఓడలో ఏ నెల, ఏ తేదీ చూసినా ఆ ఒక్క గదీ ఖాళీ ఉండదు. ఇద్దరున్నారని చూపిస్తుంది.

పోయిన నెల వచ్చినప్పుడు ఏడ్చింది. ఇంట్లో ఉన్న పిల్లాడికి చెప్పులు కొనడానికి వెళ్ళారట. మూడేళ్ళ నాటి కొలతే సరిపోయిందట. తమ్ముడేమో పిల్లాడు నాజూకు అంటున్నాడట.

దానికి చెప్పని సంగతి ఒకటుంది. నీకు చెప్తున్నా. ఓడలో పిల్లల ఆటగది ఉంటుంది కదా, అక్కడ చేర్పించేటప్పుడు నా ఫోన్ నంబరే రాశాం. మొన్న మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని ఉంటే ఆ ఆటగది నుంచి నాకు సందేశం వచ్చింది. బాబుకి ఆరేళ్ళు నిండాయి కాబట్టి ఇవాళ్టి నుంచి పెద్ద పిల్లల గదిలోకి మార్చామనీ, తోటి పిల్లలతో బాగా ఆడుకుంటున్నాడనీ, అయితే ఈ మధ్య రోజూ ఒకటే అడుగుతున్నాడనీ... అమ్మ ఎప్పుడొస్తుందని.