సెనామి పొత్తిగుడ్డ

మా వీదా ఊళ్లో కొండచిలువని తాత అంటాం. జానెడు పిల్లైనా తాతే. మా అత్త ఆయాబా వెనకగదిలో, కుండల్లో, అయిదారు పిల్లల్ని పెంచుతుంది. వాటికి ముక్కు మీదే కోపం. చెయ్యి కనబడితే చాలు, కరుస్తాయి. మచ్చిక చెయ్యడం నాకు అత్తే నేర్పింది. కట్టి విడిచిన బట్ట కుండలో వేస్తే మన వాసన అలవాటవుతుంది. చెయ్యి పైనుంచి కాదు, పక్కనుంచి పెట్టాలి. కరిస్తే మాత్రం లాగకూడదు.

“పళ్లు లోపలికి వంగి ఉంటాయే. లాగితే నీకు తోలూడుతుంది, తాతకి దవడ ఊడుతుంది. ఊరుకుంటే ఆయనే వదుల్తాడు,” అనేది.

ఆ మధ్యాహ్నం ఎడారిగాలికి ఊరంతా దుమ్ము. అత్త సంతకెళ్లింది. నా మూడునెలల కూతురు సెనామి చాపమీద నిద్రపోతోంది. నా బట్టలన్నీ ఉతికేశాను. బద్ధకించి, పాప పొత్తిగుడ్డే కుండలో వేశాను. కాసేపాగి చెయ్యి పెట్టాను. పాముపిల్ల నా బొటనవేలు పట్టుకుంది. తెలిసి తెలిసీ లాగి విదిలించాను.

గోడకి కొట్టుకుంది. పుల్ల విరిగిన చప్పుడు... అంతే.

తాత పోతే మనిషి పోయినట్టే. తెల్లబట్ట చుట్టి, పెద్దల్ని పిలిచి పాతిపెట్టాలి. నేను ఆ పొత్తిగుడ్డలోనే చుట్టి, కర్రపెండలం మడిలో పారేశాను. పారిపోయిందని అత్తతో చెప్పాను. పాప గుడ్డ వేసిన సంగతి మాత్రం దాచలేదు.

అత్త తిట్టలేదు. “ఎవరి బట్ట వేస్తే వాళ్లని వెతుక్కుంటూ వస్తాడులే. తలుపు తీసుంచు,” అంది.

మూడోరోజు మనసొప్పక, సరిగ్గా పాతిపెడదామని తెల్లబట్ట పట్టుకుని మడిలోకి వెళ్లాను. అక్కడ ఏమీ లేదు. కుక్కలు ఎత్తుకెళ్లి ఉంటాయనుకుంటూ ఇంటికొచ్చాను.

సెనామి మీద ఆ పొత్తిగుడ్డే ఉంది. మట్టివాసన...

ఎవరు కప్పారని అత్తని అడిగాను. పొద్దున్నుంచీ అదే ఉందిగా అంటూ తన పనిలో పడింది.

పాప ఏడవడం లేదు. నన్నే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. ఒళ్లు చల్లగా ఉంది. ఎత్తుకుని రొమ్ము అందించాను.

కరిచింది.

ఇంకా ఒక్క పన్నూ రాలేదు దానికి. నాకు మాత్రం వరసగా సూదులు దిగాయి... లోపలికి వంగి.

“అత్తా,” అన్నాను గుసగుసగా. “తాత పారిపోలేదు. నేనే చంపాను.”

అత్త దగ్గరకొచ్చి పాప మొహంలోకి చూసింది. మెల్లగా అంది.

“లాగకే.”

లాగలేదు. చీకటి పడింది. ఇంకా వదల్లేదు...