పిడికిట్లో నిలవని చీజ్

రాయబారి పాస్తాను రెండుసార్లు నోటికెత్తాడు. మూడోసారి ఎత్తలేదు.

"హార్ట్ ఎటాక్ అని పేపర్లకు చెప్పాం," అన్నాడు చీఫ్, ఫైలు మూస్తూ. "నిజానికి విషం. పైన చల్లిన చీజ్‌లో కలిపారు. ఈ రోజు ఒంటిగంటకు శాంతి ఒప్పందం లంచ్. పన్నెండుమంది ప్రతినిధులు. అదే వంటగది, అదే చెఫ్."

ఆ చెఫ్ ఏజెంట్ నైన్టీన్ బాబాయి. తండ్రి పోయాక చెయ్యి పట్టుకుని పెంచినవాడు.

"లంచ్ ఆపేద్దాం సార్."

"ఆపితే ఒప్పందం ఆగుతుంది. విదేశీ ముఠాకు కావలసింది అదే."

"బాబాయి చీమకైనా హాని చెయ్యడు."

"అందరి బాబాయిలూ అంతే. నిరూపించు. లేకపోతే సంకెళ్లతో తీసుకురా."

పన్నెండున్నరకు నైన్టీన్ వెయిటర్ వేషంలో వంటగదిలో అడుగుపెట్టాడు. బాబాయి పాస్తా వారుస్తూ తలెత్తకుండానే అన్నాడు.

"మీసం కుడివైపు ఊడుతోంది. అదిమిపెట్టుకో."

తలుపు దగ్గర ముత్యాల హారం తళుక్కుమంది. డిపార్ట్‌మెంట్ పంపిన ఫుడ్ ఎక్స్‌పర్ట్. ఆమె నవ్వితే కాపలావాళ్లు తుపాకులు మరిచిపోతారు.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాడు నైన్టీన్.

"సముద్రాన్ని అడగండి," అందామె. కోడ్ కుదిరింది.

ఒక పెన్ చేతిలో పెట్టింది. "చీజ్‌లో ముంచండి. విషముంటే ఎర్ర లైటు. చీజ్ దిమ్మను మీ బాబాయి నా ఎదుటే తురిమాడు. అనుమానం అక్కర్లేదు."

అనుమానం అక్కర్లేదని ఎవరైనా అంటే నైన్టీన్‌కు అక్కడే మొదలవుతుంది. అయినా పెన్ ముంచాడు. ఆకుపచ్చ లైటు. బల్ల మీద గిన్నెలు రెండు. ఒకటి ట్రేలో పెట్టుకుని నడిచాడు. రెండోది ఆ ముత్యాలమ్మ హాల్లోకి తీసుకెళ్లింది.

వరండా మలుపులో ట్రే ఒరిగింది. గిన్నెలోని చీజ్ ఇసుకలా జారింది.

నైన్టీన్ ఆగిపోయాడు. చిన్నప్పుడు బాబాయి తురిమిన చీజ్‌ను పిడికిట పట్టి ఉండలు చేసి ఎన్ని మొట్టికాయలు తిన్నాడో! ఇప్పుడూ పిడికిట పట్టి నొక్కాడు. వేళ్లు విప్పాడు. ఒక్క ఉండా లేదు. అంతా పొడిపొడిగా రాలిపోయింది.

ఇది దిమ్మ నుంచి తురిమింది కాదు. మరి బాబాయి...? వెనక్కి పరిగెత్తాడు.

"బాబాయ్, ఇది నీదేనా?"

చెఫ్ ఒక చిటికెడు నాలుక మీద పెట్టుకోబోయాడు. నైన్టీన్ చెయ్యి కొట్టేశాడు. ఆయన వాసన మాత్రం చూశాడు. కోపంతో మొహం ఎర్రబడింది.

"నా చీజ్‌లో మూడే ఉంటాయి. పాలు, ఉప్పు, పాలు విరిచే ఎంజైమ్. ఇది ప్యాకెట్ సరుకు! ముద్దకట్టకుండా సెల్యులోజ్ కలుపుతారు, చెక్కపీచు పొడి. అది మనిషిని చంపదు గానీ, రుచిని చంపుతుంది."

"అందులో విషం పొడి కలిపితే?"

"ఎవడికీ కనబడదు. నా తడి చీజ్‌లోనైతే గడ్డకట్టి పట్టిచ్చేస్తుంది. తురిమాక ఫ్రిజ్ చూపించమని ఆ మేడం నన్ను లోపలికి..."

మిగతా మాట నైన్టీన్ వినలేదు. గోడ గడియారంలో ఒంటిగంట.

హాల్లో ఒక ప్రతినిధి ఫోర్కు పెదవుల దగ్గరుంది. నైన్టీన్ బల్లగుడ్డ పట్టి ఒక్క గుంజు గుంజాడు. పన్నెండు ప్లేట్లూ నేల మీద పగిలాయి.

"పిచ్చివాడు! పట్టుకోండి!" అరిచింది ముత్యాలమ్మ.

నైన్టీన్ ఒలికిన చీజ్ గిన్నె తీసి ఆమె ముందు పెట్టాడు. "ఒక్క చెంచా మీరు తినండి మేడం. తర్వాత నన్ను మీరే పట్టుకోవచ్చు."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగు చాలు. కాపలావాళ్లు చేతులు పట్టుకుంటే హారం తెగి ముత్యాలు దొర్లాయి. హ్యాండ్‌బ్యాగులో రెండు ఖాళీ ప్యాకెట్లు, ఒక చిన్న సీసా దొరికాయి. పెన్‌లో ఆకుపచ్చ బల్బు ఒక్కటే ఉంది.

సాయంత్రం ఒప్పందం మీద సంతకాలయ్యాయి. బాబాయి మాత్రం మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"నన్ను హంతకుడనుకున్నావు, సరే. నీ ఉద్యోగం అలాంటిది," అన్నాడు చివరికి. "ప్యాకెట్ చీజ్ పట్టుకొచ్చి నీదేనా అని ఏ మొహం పెట్టుకుని అడిగావురా?"