ములాఖాత్ గదిలో ఏడుపు

నాచారం ఫ్యాక్టరీల వెనక, కోర్టు పంపిన మానసిక రోగులకు వైద్యం చేసే దవాఖానా ఒకటుంది. అందులో రోగులను చూడవచ్చిన చుట్టాలు కలిసే ములాఖాత్ గదికి చెడ్డపేరు. వెంకటనర్సమ్మ అనే రోగి ఒక రాత్రి ఊపిరాడక, గాలి కోసం అక్కడికి వచ్చి, అక్కడే పోయిందట. అప్పటినుంచీ పొద్దుగూకితే చాలు, ఆ గదిలో ఆడమనిషి ఏడుపు... వార్డులో అందరూ విన్నవాళ్ళే.

మనస్విని వినలేదు. ఆమె ఉప్పల్ నుంచి వచ్చేది. డాక్టర్లూ నర్సులూ ఎలా చూసుకుంటున్నారో రోగులనే అడిగి రాసుకోవడం ఆమె పని. పేర్లు రాయదు. అయినా అందరిదీ ఒకటే మాట — "అంతా మంచిగనే ఉంది మేడం." అంటూనే కళ్ళు తలుపు వైపు. అక్కడ సిస్టర్ తారామణో, ఇంకో సిస్టరో నిలబడే ఉండేది.

మర్నాటితో పని ఆఖరు. ఈ అబద్ధాలే మోసుకుపోవాలా?

అందుకే ఆ రాత్రి పట్టుబట్టింది. సిబ్బంది ఒక్కరూ దగ్గర ఉండకూడదు. చెప్పుకోవాలనుకున్న రోగి వార్డు వైపు నుంచి ములాఖాత్ గదిలోకి రావచ్చు.

"వేరే రూమే దొరకలేదా మేడం?" అన్నాడు కాపలా చిదంబరం.

"మీరు కూడా వెళ్ళిపోవాలండీ."

"అది మీరు చెప్పాల్నా! ఎప్పుడో పోతుంటి."

రూలు ప్రకారం బయట తాళం వేసి గబగబా పోయాడు.

గది మధ్యలో ఇనుప జాలి. ఇటు మనస్విని... అటు ఖాళీ కుర్చీ. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు.

ఉన్నట్టుండి లైటు ఆరిపోయింది.

జాలి అవతల కుర్చీ కిర్రుమంది.

"ఎ... ఎవరండీ?"

ఏడుపు — సన్నగా, నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు.

మనస్విని అరుస్తూ తలుపు బాదింది. ఎవరొస్తారు? అందరినీ పంపేసింది తనే కదా!

"ఒర్లకు బిడ్డా..." జాలికి ఆనుకుని గుసగుస. "ఆ రాత్రి పిలిచిన. మస్తుసేపు పిలిచిన... నాటకమన్నడు డాక్టరు. రాలే."

మనస్విని సెల్‌ఫోన్ లైటు వేసింది.

తెల్లబట్టలు. వంచుకున్న తల మెల్లగా పైకి లేచింది...

సిస్టర్ తారామణి!

"లైటు నేనే ఆర్పిన. సిబ్బంది రావద్దంటివి గద," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఊపిరాడనిది నర్సమ్మకు. పిలిచింది నేను. నా ఒళ్ళెనే పాణం పోయింది."

"అయితే... ఇక్కడ ఏడ్చేది?"

"నేనే. రోగుల ముందట ఏడ్వాల్నా, డాక్టర్ల ముందట ఏడ్వాల్నా?"

మనస్విని జాలి దగ్గరికి జరిగింది. "ఇది రాయాలి సిస్టర్. సిబ్బందిలో ఒకరు చెప్పారనే రాస్తాను. పేరుండదు."

తారామణి వెలుగులోంచి మొహం తిప్పేసుకుంది.

"ఆ రాత్రి డ్యూటీల నేనొక్కదాన్నే బిడ్డా. ఇంక పేరెందుకు?" మళ్ళీ జాలి దగ్గరికి వంగింది. "రాయి... రాయకుంటే ఇంకో మనిషి పోతది. కానీ దెయ్యం చెప్పిందని రాయి. దాన్నైతే కొలువుల నుంచి తీసెయ్యరు."