ఎత్తులో ఆగిపోయే లాస్తా

లాస్తా కారు ఓనర్ల ఫోరంలో మొదటి ప్రశ్న పెట్టిన పది నిమిషాలకే యాస్నా చీవాట్లు తింది.

ఆమె అడిగింది చిన్న సంగతే. కారు చదును మీద బుద్ధిగా నడుస్తుంది, కొండ ఎక్కేటప్పుడు మాత్రం రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది, పావుగంట ఆగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది, ఎందుకు? ఫోరం నడిపే గోయ్కో, నీష్ నగరంలో పళ్ళ డాక్టరు, వెంటనే అందుకున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు పేరూ ఊరూ చెప్పుకుని కారు ఫొటో పెట్టాలన్నాడు. రిపేరు మాటలు చాటుగా మెసేజుల్లో ఆడకూడదనీ, నలుగురికీ పనికొచ్చేలా అందరి ముందే అడగాలనీ అన్నాడు. బాగయ్యాక ఎలా బాగయిందో రాసి తీరాలి. అది రాసిన మరుక్షణం ఆ చర్చకి తాళం పడుతుంది, ఇక అందులో ఎవరూ రాయలేరు.

అరగంటలో యాస్నా ఫొటో పెట్టింది. వెలిసిపోయిన పసుపు రంగు లాస్తా, దాని పక్కన ఎర్ర ఉన్నిటోపీ పెట్టుకుని కారు వంక గుర్రుగా చూస్తున్న అమ్మాయి. "కుడివైపున్నది కారు. ఎడమవైపున్నది నేను. వాల్యెవో పైన కొండల్లో మూడు ఊళ్ళ బళ్ళలో సంగీతం చెప్తాను. మూడో ఊరికి బస్సు లేదు. ఈ కారు కొండ ఎక్కకపోతే అక్కడి పిల్లలకి పాట లేదు" అని కింద రాసింది.

వాల్యెవోలో, వంతెన పక్క ఇంట్లో, ఆ ఫొటో చూసి వూకన్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

నిజానికి ఆ ఫోరంలో వూకన్ లేడు. ఉన్నది వాళ్ళ నాన్న మీలుతిన్. నలభై ఏళ్ళు లాస్తాలే బాగుచేసిన మేస్త్రీ. భార్య పోయాక షెడ్డు మూసేశాడు. చూపు మందగించి తెర మీది అక్షరాలు అలుక్కుపోతుంటే, సాయంత్రాలు పొయ్యి పక్కన చేరి కొడుకు చేత ప్రశ్నలు చదివించుకుని జవాబులు చెప్పేవాడు. కొడుకు టైపు చేసేవాడు. సర్వే ఆఫీసులో పటాలు గీసే వూకన్ జీవితంలో స్పానరు పట్టింది లేదు. ఫోరంలో అందరికీ మీలుతిన్ బాబాయ్ ఒక్కడే తెలుసు.

ఆ రోజు మీలుతిన్ చెప్పింది రెండు ముక్కలు. పెట్రోలు ఫిల్టరు మార్చమను, కార్బురేటరు ఊది చూడమను. వూకన్ ఆ రెండూ రాసి, ఊరుకోలేక మూడోది తగిలించాడు. ఫొటోలో ఉన్న ఇద్దరిలో కారే కాస్త శాంతంగా కనిపిస్తోందని.

జవాబు వెంటనే వచ్చింది. "బాబాయ్, ఈ వయసులో మీకింత నోరేమిటండీ?"

అలా మొదలైంది. నాన్న రెండు ముక్కలు చెబితే వూకన్ ఆరు రాసేవాడు. ఆమె ఫిల్టరు గురించి ఒకటి, కొండ మీద దిగిన మబ్బు గురించి నాలుగు రాసేది. చాటుగా మాట్లాడుకోకూడదు కనుక ఇదంతా నాలుగు వందల మంది ఎదుటే సాగింది. తన లాస్తాకి ఏ జబ్బూ లేదనీ, పొద్దున కాఫీతో పాటు ఇది చదవడానికే వస్తున్నాననీ సుబోతిత్సా నుంచి ఒక లారీ డ్రైవరు రాశాడు. మీలుతిన్ బాబాయ్‌కి ఈమధ్య మబ్బుల మెకానిజం కూడా పట్టుబడిందని ఇంకొకాయన ఎగతాళి చేశాడు. చర్చ పద్నాలుగో పేజీకి చేరింది.

వూకన్‌కి కాలు ఒకచోట నిలవడం మానేసింది. ఆఫీసులో ఒకే కొండ గీతని మూడుసార్లు చెరిపి గీశాడు. జేబులో ఫోను కదలకపోయినా కదిలినట్టే ఉండేది.

నవంబరు చివర ఒక సోమవారం సాయంత్రం, చదివింది విని మీలుతిన్ చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టాడు.

"ఎక్కేటప్పుడే ఆగుతోందంటే పంపు పెట్రోలుకి బదులు గాలి పీలుస్తోందిరా. వెనక సీటు కింద, ట్యాంకు దగ్గర జానెడు రబ్బరు పైపుంటుంది. ముప్పై ఏళ్ళకి పగిలి ఉంటుంది. మార్చమను. అంతే, అయిపోయినట్టే."

అయిపోయినట్టే అన్న మాట దగ్గర వూకన్ వేళ్ళు ఆగిపోయాయి. పైపు మారుస్తుంది. బాగయిందని రాస్తుంది. గోయ్కో తాళం వేస్తాడు. ఆ తర్వాత, సంగీతం టీచరుతో మాట్లాడటానికి అరవై తొమ్మిదేళ్ళ మేస్త్రీకి ఏం పని ఉంటుంది?

ప్లగ్గులు తీసి శుభ్రం చేసి చూడమని రాశాడు.

"రాశావా?" అన్నాడు తండ్రి.

"రాశాను నాన్నా."

మంగళవారం ప్లగ్గులు. బుధవారం ప్లగ్గుల వైర్లు. గురువారం వాన. మధ్యాహ్నం ఆఫీసులో ఫోను తెరిస్తే యాస్నా మాటలు కనిపించాయి.

"మూడో ఊరి పిల్లలు ఇవాళ మొదటిసారి రెండు గొంతుల్లో పాడాలి. నేను కొండ మధ్యలో ఉన్నాను. ఇంకొక్కసారి క్లాసు తప్పితే ఆ ఊరికి సంగీతం ఎత్తేస్తానన్నాడు హెడ్‌మాస్టరు. మూడింటి దాకా టైముంది. ప్లగ్గులు అద్దాల్లా మెరుస్తున్నాయి బాబాయ్. ఇంకేం చెయ్యమంటారు?"

ఈసారి ఆ మాటల్లో వేళాకోళం లేదు.

వూకన్ వానలో తడుస్తూ ఇంటికి పరుగెత్తి, జరిగిందంతా తండ్రికి చెప్పేశాడు. మీలుతిన్ తిట్టలేదు. ఆ అమ్మాయి నచ్చిందా అని అడిగాడు. వూకన్ తలూపాడు. తండ్రికి అది కనిపించదని గుర్తొచ్చి, నచ్చిందని పైకి చెప్పాడు.

"మరి ఆ మాట రాయలేకపోయావా? నా పైపు ఎందుకు దాచావు?"

అంటూనే లేచి షెడ్డు తాళం తీశాడు. చీకట్లో తడుముకుంటూనే మూరెడు పైపు, రెండు క్లిప్పులు, స్క్రూడ్రైవరు తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు. నేను ఫోనులో చెప్తాను, చెయ్యి నీది అన్నాడు. పక్కింటాయన కారు అడిగి పుచ్చుకుని, బయలుదేరే ముందు వూకన్ అందరి ముందే నాలుగు వాక్యాలు రాశాడు. "నేను మీలుతిన్ కొడుకుని, వూకన్‌ని. పైపు పగిలి ఉంటుందని నాన్న సోమవారమే చెప్పారు. చర్చ ముగిసిపోతుందని నేను దాచాను. పైపు తీసుకుని వస్తున్నాను."

కొండ మలుపులో పసుపు కారు, గొడుగు కింద ఎర్రటోపీ కనిపించాయి. ఆమె ఫోను చేతిలోనే ఉంది. చదివేసిందని దూరం నుంచే అర్థమైంది.

"బాబాయ్ ఏరీ?" అంది.

"ఇంట్లో. ఫోనులో ఉన్నారు."

"మరి మీరెవరు?"

"రాసినవాణ్ణి."

"వాటిలో ఏవి ఆయనవి, ఏవి మీవి?"

"కారు గురించినవి ఆయనవి. ప్లగ్గులూ వైర్లూ తప్ప."

"అంటే పనికొచ్చేవన్నీ ఆయనవన్నమాట."

వూకన్ వెనక సీటు ఎత్తి, కారులోకి సగం దూరాడు. మీలుతిన్ ఫోనులో ఓపిగ్గా చెబుతున్నాడు. కుడికి తిప్పితే బిగుస్తుందిరా, ఎడమకి తిప్పు. పెట్రోలు మోచేతి దాకా కారింది. క్లిప్పు జారి వేళ్ళు చీరుకున్నాయి. తండ్రికి పది నిమిషాల పని, అతనికి ముప్పావుగంట పట్టింది. తెరిచిన తలుపు బయట నడుం మీద వాన కొడుతూనే ఉంది. ఉన్నట్టుండి నడుం మీద వాన ఆగింది. వానైతే తగ్గలేదు, యాస్నా గొడుగు జానెడు ఇటు జరిగింది. వూకన్ తల తిప్పలేదు. తిప్పితే అది వెనక్కి పోతుందేమోనని భయం.

పాత పైపు వంచితే పగులు నోరు తెరిచింది. కొత్తది బిగించాక కారు స్టార్టయింది. టైము రెండున్నర.

"క్షమించాననుకోకండి. క్లాసు పోయిందంటే జన్మలో క్షమించను" అని యాస్నా తలుపు వేసుకుంది. పసుపు కారు ఒక్క దగ్గు కూడా దగ్గకుండా మలుపు తిరిగింది.

ఆ సాయంత్రం ఫోరంలో ఒక్క ముక్కే ఉంది. "రబ్బరు పైపు. మీలుతిన్ బాబాయ్‌కి కృతజ్ఞతలు." గోయ్కో తాళం వేశాడు.

మూడు రోజులు ఓర్చుకుని వూకన్ చాటుగా ఒక మెసేజు పంపాడు. రిపేరు సంగతి కాదు కనుక నియమం తప్పినట్టు కాదు. మూడో ఊరి క్లాసు ఇంకా ఉందా అని అడిగాడు. ఉంది అని వచ్చింది. ఆ ఒక్క మాటనీ వారం పాటు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అందులో కోపం ఉందో లేదో తేలలేదు.

డిసెంబరు పంతొమ్మిది వూకన్ వాళ్ళింటి దేవుడు సెయింట్ నికోలా పండుగ. ఆ పండుగకి ఎవరినీ పిలవరు. రావాలనుకున్నవాళ్ళు వస్తారు. యాస్నాని పిలిచే వీలుంటే ఎలా పిలవాలో తెలియక వూకన్ సతమతమయ్యేవాడు, వీలు లేక ఇంకా ఎక్కువ సతమతమయ్యాడు. నాలుగు రోజుల ముందు మీలుతిన్ కొడుకుని కూర్చోబెట్టి ఫోరంలో ఒక ప్రకటన రాయించాడు. పంతొమ్మిదిన ఎవరూ ప్రశ్నలు అడగొద్దు, మా ఇంట్లో పండుగ అని.

"ఇల్లు వాల్యెవోలో వంతెన పక్కనేనని కూడా రాయి."

"అదెందుకు నాన్నా?"

"చెప్పింది రాయరా. ఈసారైనా."

పండుగ రోజు మంచు పడింది. చర్చి పూజారి వచ్చి పండుగ రొట్టె దీవించి కోసి వెళ్ళాడు. చుట్టాలు ఒక్కొక్కరే వస్తున్నారు. తలుపు చప్పుడైనప్పుడల్లా వూకన్ గరిటె వదిలి వెళ్తున్నాడు. దెసాంకా అత్తయ్య, మీలుతిన్ చెల్లెలు, వీడికి నేల కాలుతోందా ఏమిటని విసుక్కుంది.

పన్నెండున్నరకి తలుపు తీస్తే ఎర్రటోపీ మీద మంచుతో యాస్నా నిలబడి ఉంది. ఒక చేతిలో వైను సీసా, ఇంకో చేతిలో కాఫీ పొట్లం.

"పద్నాలుగు పేజీలూ మళ్ళీ చదివాను. మీ మాటలు ఏరి పెట్టుకున్నాను" అంది.

"పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయా?"

"రెండో మూడో. మీ నాన్నగారు ఏరీ?"

మీలుతిన్ చేతులు పట్టుకుని పలకరించింది. వచ్చినవాళ్ళకి ముందుగా పెట్టే తీపి ఉడికించిన గోధుమలు ఒక చెంచా తీసుకుంది. అత్తయ్య ఆమెని బల్ల నడుమ కూర్చోబెట్టింది. అక్కడి నుంచి వూకన్ కష్టాలు ఎక్కువయ్యాయి. ఆ రోజు ఇంటివాళ్ళు కూర్చోకూడదు. వచ్చినవాళ్ళు కూర్చుంటే, ఇంటివాళ్ళు నిలబడి వడ్డించాలి. చేపల పులుసు, చిక్కుడు గింజల కూర, రొట్టె, మళ్ళీ పులుసు. ఆమె పక్కింటాయన జోకులకి నవ్వుతోంది. దాటుతూ ఒక మాట అందామంటే ఎవరో గిన్నె చాపుతున్నారు. మూడు గంటల సేపు ఆమె నెత్తిన టోపీ చెరిపిన జుట్టు తప్ప అతనికేమీ దక్కలేదు.

రెండో విడత పులుసు గుండిగ వంటింట్లోంచి ఒక్కడే మోసుకొస్తూ గుమ్మం దగ్గర తడబడ్డాడు. యాస్నా కుర్చీ వెనక్కి జరిపి లేచి వచ్చింది. గుండిగ రెండో చెవి పట్టుకుంది.

"నువ్వు కూర్చో అమ్మాయ్" అంది దెసాంకా అత్తయ్య. "ఇవాళ నిలబడాల్సింది ఇంటివాళ్ళు. నువ్వు చుట్టానివి."

"తెలుసండీ" అంది యాస్నా. చెవి వదల్లేదు.

పొయ్యి పక్కన నిలబడ్డ మీలుతిన్ కళ్ళు చికిలించి చూశాడు.

"వాడి పక్కన ఎవరది?"

"నేను, బాబాయ్."

"సాయంత్రం దాకా నిలబడాలమ్మా. కాళ్ళు లాగుతాయి."

"అలవాటు చేసుకోవాలి కదా" అంది యాస్నా.

గుండిగ దించి వడ్డించబోతే వూకన్ గరిటె పక్కింటాయన గిన్నె దాటి తెల్ల గుడ్డ మీద పులుసు పోసింది. అత్తయ్య చూసి, రొట్టె పళ్ళెం జరిపి ఆ మరక మీద పెట్టింది.